ఏడుగురిని చంపని మా మామగారు

మా మామగారి ముందు బొద్దింకను చంపడం కూడా కష్టమే. చీపురు దెబ్బకి అది వెల్లకిలా పడిందా, చెయ్యి అడ్డం పెట్టేస్తారు.

"ఆగమ్మా పల్లవీ! అది లొంగిపోయింది. లొంగినోణ్ణి కొట్టకూడదు. జెనీవా యుద్ధ ఒప్పందంలో రాసి పెట్టినారు."

"జెనీవాలో బొద్దింకలు లేవా అండీ మామయ్యగారూ?" అంటాను నేను. యానాం నుంచి పుదుచ్చేరికి, ఈ ఒర్లియంపేట సందులోకి కోడలిగా వచ్చి పదేళ్ళయినా నా నోరు తగ్గలేదు, ఆయన జెనీవా తగ్గలేదు.

ఆయన పేరు చెంగల్రాయన్. మిలిటరీలో హవల్దారుగా చేసి, కార్గిల్ యుద్ధం చూసి వచ్చిన మనిషి. ఇంతటి వీరుడు సందులో ఉంటే నలుగురూ ముసరాలి కదా? ముసిరారు, మొదట్లో. టీ కొట్టు దగ్గర ఎవరైనా "ఎంతమందిని చంపినారు?" అని అడిగితే చాలు, గాయపడ్డ శత్రువుకి కట్టు కట్టడం దగ్గర మొదలుపెట్టి, పట్టుబడ్డ శత్రువుకి మనం తినే తిండే పెట్టడం వరకూ గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. పాపం, చంపిన కథ కోసం వచ్చినవాళ్ళు టీ సగంలో వదిలేసి పారిపోయేవారు. తర్వాత తర్వాత ఆయన్ని చూస్తే టీ కొట్టువాడే షట్టర్ దించేసేవాడు.

అలాంటి మనిషికి మొన్న జులైలో మా సందు మొగలో ఫ్లెక్సీ కట్టారు. ఈ ఊళ్ళో చెవులు కుట్టించుకున్న పిల్లకీ ఫ్లెక్సీయే, చచ్చిపోయిన ముసలాయనకీ ఫ్లెక్సీయే కాబట్టి అందులో వింత లేదు. వచ్చే ఎన్నికల్లో నిలబడాలని ఉబలాటపడుతున్న కదిరవన్, కార్గిల్ విజయానికి పాతికేళ్ళు నిండాయని సభ పెట్టి, మామగారికి శాలువా కప్పుతానన్నాడు. ఫ్లెక్సీలో మామగారి తలకాయని ఎవరో కండల వస్తాదు ఒంటికి అతికించారు. పక్కన సింహం. కింద అరవంలో ఇంత లావు అక్షరాలు: 'చేతికి చిక్కిన ఏడుగురు శత్రువులను ఒంటిచేత్తో మట్టుబెట్టిన మా సింహమా!'

మామగారు కూరగాయల సంచితో దాని కింద నిలబడిపోయారు. ఇంటికొచ్చేసరికి ముఖం జేవురించి ఉంది.

"చేతికి చిక్కినోణ్ణి చంపితే అది వీరమా? ఖూనీ! నన్ను ఖూనీకోరుని చేసి సందు మొగలో కట్టినారే! ఎవురు చెప్పినారు వాళ్ళకి ఏడుగురని?"

మా అత్తగారు పంకజం చప్పుడు చేయకుండా వంటింట్లోకి జారుకున్నారు. నాకు అర్థమైపోయింది. వెనకే వెళ్ళి నిలదీశాను.

"నేనేంది చేసేది?" అన్నారు కళ్ళొత్తుకుంటూ. "సెల్వరాజ్ శవం వచ్చిన దినం, వాళ్ళమ్మ రంగమ్మాళ్ తల గోడకేసి కొట్టుకుంటా ఉండింది. నా కొడుకుని చంపినోళ్ళు బతికుండారా అని నన్నే అడిగింది. మా ఇంటాయన పట్టుకోని ఏడుగుర్నీ చంపేసినాడక్కా అనేసినా. అది విన్నాకే ఒక ముద్ద తినింది."

సెల్వరాజ్ మామగారి దళంలోనే ఉండేవాడు. విల్లియనూరు కుర్రాడు, వాళ్ళింట్లోనూ తెలుగే. మామగారి పక్కనే తూటా తగిలి పోయాడు. రంగమ్మాళ్ చెప్పగా చెప్పగా ఆ ఏడుగురి సంగతి కదిరవన్ చెవిదాకా వచ్చిందన్నమాట. సభలో మామగారికి దండ వేసేది కూడా ఆవిడే అట.

మామగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. నేలమీద కూర్చుండిపోయారు.

"సెల్వరాజ్‌ని కాల్చినోణ్ణి నేనే పట్టుకున్నా. చేతులెత్తేసినాడు. నా వేలు తుపాకీ మీదే ఉండె. చంపలే. ఆమెకి ఏమని చెప్పేది?"

"ఏమీ చెప్పొద్దండీ," అన్నాను. "శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చేయండి. ఆవిడ మనశ్శాంతి కంటే ఫ్లెక్సీ ఎక్కువా?"

"ఆ నోరు మూసుకుంటే ఏం పోతుంది?" అని అత్తగారు వంత పాడారు. ఆయన కూరగాయల సంచి నేలమీద కుమ్మరించి ఏరడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముసలామె గుండె ఆగిపోయినా సరే, ఈయనకి జెనీవాయే ముఖ్యం కాబోలు అనుకున్నాను.

సభనాడు కదిరవన్ మైకు మింగేస్తాడేమో అన్నట్టు అరిచాడు. రంగమ్మాళ్ రెండు చేతులతో సంపెంగ దండ ఎత్తింది. మామగారు ఆ చేతులు పట్టుకుని ఆపేశారు. మైకు లాక్కుని అరవంలో, "నేను చేతికి చిక్కినోణ్ణి చంపలేదు. ఏడుగురు అబద్ధం," అన్నారు. కదిరవన్ గబుక్కున మైకు కట్టేయించాడు. అయినా మామగారు ఆగలేదు. తెలుగులో, ఆమెకి మాత్రమే చెప్పడం మొదలుపెట్టారు. ముందు వరసలో ఉన్న మాకు ప్రతి మాటా వినపడుతోంది.

"నీ కొడుకుని కాల్చినోడు చేతులెత్తేసినాడక్కా. బూటు తాడుతో కట్టేసినా. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ఆకలికి వణుకుతా ఉండె. చేతులు కట్టేసి ఉండాయి కదా, నా జోబీలో ఉండిన మిఠాయి నేనే వాని నోట్లో పెట్టినా. నన్ను కొడతావో, ఉమ్ముతావో నీ ఇష్టం."

ఆవిడ దండ అలాగే పట్టుకుని అడిగింది.

"తిన్నాడా?"

"తిన్నాడక్కా. ఏడస్తా తిన్నాడు."

దండ ఆయన మెడలో పడింది. ఆవిడ మెట్లు దిగి నేరుగా మా అత్తగారి ముందుకొచ్చి నిలబడింది. చెంప పగలగొడుతుందేమోనని నేను కుర్చీలోంచి లేచాను. కానీ ఆవిడ అత్తగారి గడ్డం పట్టుకుని, బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ అంది.

"ఎంత పని చేస్తివే పంకజం! అబద్ధం చెప్పేదానివి, ఒక్కణ్ణి చంపినారని చెప్పి ఉండకూడదా? దినామూ దీపం పెట్టేటప్పుడు నా కొడుకు కోసరం ఏడ్చి, ఆ ఏడుగురి అమ్మల కోసరం కూడా ఏడస్తా ఉంటినే!"