ఎండలో పెట్టిన కొలిమి

ఎల్లారెడ్డి కమ్మరులందరికీ ఉక్కు శాస్త్రం నేర్పినవాణ్ణి నేను. ఈ మాట మనవల దగ్గర, పెళ్లి పందిళ్లలో, కామారెడ్డి బస్టాండులో పక్కన కూర్చున్న ముఖం తెలియని మనుషుల దగ్గర ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. కాగితం మీద పెట్టేసరికి మాత్రం కలం మొరాయిస్తోంది. సరే, సవరిస్తాను. అందరికీ కాదు, ఒక్కరికి. నేర్పడం కూడా కాదు. తన మానాన తాను చక్కగా చేసుకుంటున్న మనిషి పనిని చెడగొట్టాను.

డెబ్బైల చివర నేను పట్నంలో లోహాల ఇంజనీరింగు చదివాను. ఏరికోరి ఆ చదువు తీసుకున్నానని ఊళ్లో చెప్పాను. నిజానికి నేను అడిగింది మెకానికల్. అది నా దాకా రాలేదు. బల్ల వెనక కూర్చున్నాయన “మెటలర్జీ ఉంది, కావాలా?” అన్నాడు. వద్దంటే అదీ పోతుందన్న భయంతో తలూపాను. ఆ మాటకు అర్థమేమిటో హాస్టలుకు వెళ్లాక పక్క గదివాణ్ణి అడిగాను. వాడూ తలూపి వచ్చినవాడేనట.

సివిల్ చదివితే వంతెన కడతాడు, ఎలక్ట్రికల్ చదివితే కరెంటు తెస్తాడు. నేనేం చేస్తానో బాపుకు చెప్పడం నా వల్ల కాలేదు.

“నీది ఏం సదువురా?”

“ఇనుము సదువు, బాపు.”

“ఇనుముతోని ఏం జేస్తవు?”

“అది లోపల ఎట్లుంటదో సూస్తం.”

“లోపల గూడ ఇనుమే ఉంటది గదరా!”

దీనికి జవాబు నాకు మూడేళ్లు దొరకలేదు. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద నున్నగా అరగదీసిన ఉక్కు ముక్క పెట్టి, “లోపలి రేణువులు కనిపిస్తున్నాయా?” అని సారు అడిగేవారు. అందరూ కనిపిస్తున్నాయి అనేవాళ్లు. నేనూ అనేవాణ్ణి. నాకు కనిపించింది ఎక్కువసార్లు నా కనురెప్ప వెంట్రుకలే.

చివరి ఏడాది ప్రాజెక్టు వచ్చింది. మీ ఊరి పనిముట్లు ఏవైనా తీసుకుని, వేడికి ఉక్కు ఎట్లా గట్టిపడుతుందో రాసుకురమ్మన్నారు సారు. నేను లేచి నిలబడి, మా ఊరి కమ్మరి పనిని శాస్త్రంలోకి తెస్తానని ప్రకటించాను.

పుస్తకంలో ఒక రంగుల పేజీ ఉండేది. కాలిన ఉక్కు ఏ రంగులో ఉంటే ఎంత వేడో అందులో పట్టీలుగా వేసి ఉంది. ఫలానా వేడికి చెర్రీ పండు ఎరుపు వస్తుందనీ, అప్పుడు తీసి నీళ్లలో ముంచాలనీ రాశారు. దాన్ని అట్ట మీద నీటిరంగులతో దింపుకున్నాను. చెర్రీ పండును అప్పటికి నేను చూసి ఎరగను. ముద్దమందారంతో సరిపెట్టుకున్నాను.

చలికాలం సెలవులకు ఆ అట్ట పట్టుకుని ఎల్లారెడ్డిలో దిగాను. మా కమ్మరిని వీధి వీధంతా మామా అనే పిలిచేది. ఊరి చివర తక్కువ ఎత్తు గుడిసె, దానికి ఒకే తలుపు, ఆ తలుపుకు అడ్డంగా గోనెపట్ట. మిట్టమధ్యాహ్నం కూడా లోపల సందె పడ్డట్టుండేది. కొలిమికి గాలి కొట్టే తిత్తి దగ్గర ఆయన భార్య, మా అత్త, కూర్చునేది. ఆ ఏడు మాకు చెరకు ఉంది. లారీ కమాను పట్టీ ముక్కలిచ్చి, చెరకు నరికే కత్తులు ఐదు చేయమని బాపు మామకు చెప్పి ఉన్నాడు. నరికేవాళ్లు సోమవారం దిగుతారు. ఆ ఐదింటినీ నా ప్రాజెక్టు చేసుకున్నాను.

“మామా, ఈ గోనెపట్ట ఎందుకు?”

“మా బాపు కట్టిండు. నేను తియ్యలె.”

“చీకట్ల నా అట్ట కనిపిస్తలేదు.”

“నీ అట్ట కనబడకపోతే ఇనుముకేం రోగం?” అంది అత్త, తిత్తి ఆపకుండానే.

ఆ పట్ట పనిలోని గుట్టు పక్కవాడికి తెలియకుండా కట్టుకున్న తెర అని నాకు గట్టి నమ్మకం. అందుకే కొలిమిని వాకిట్లోకి, ఎండలోకి మార్చమన్నాను.

“నిప్పు యాడున్నా నిప్పే గద మామా. వేడికి ఎండ, నీడ తెలుస్తదా?”

మామ గోనెపట్ట వైపు ఒకసారి చూశాడు. “సదువుకున్నోనివి. నువ్వంటే నిజమే అయ్యుంటది,” అన్నాడు.

ఆ మాటతో నేను ఒక మూర ఎత్తు పెరిగాను. వాకిట్లో గుంట తవ్వి కొలిమి పెట్టాం. కత్తి కాలుతుంటే పక్కన అట్ట పట్టుకుని నిలబడ్డాను.

“ఇగ తీస్త,” అన్నాడు మామ.

“ఆగు మామా, ఇంకా మందారం రాలే.”

“వచ్చినట్టే ఉన్నది గదా.”

“రాలే. ఆగు.”

ఐదు కత్తులకూ ఇదే మాట. ఎండలో నా మందారం ధగధగలాడుతోంది, ఇనుము మాత్రం ఎంతకీ ఎర్రబడదు. బడ్డాక తీసి నీళ్లలో ముంచాడు. ఆకురాయి పెడితే జారిపోయింది, అంత గట్టిగా తేలాయి. శాస్త్రం గెలిచిందని నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

సోమవారం పొద్దెక్కేసరికి మూడు కత్తులు విరిగాయి. నాలుగోదాని అంచు పెచ్చులుగా రాలింది.

“పటేలా, గాజు కత్తులు ఇచ్చినవేంది?” అన్నాడు నరికేవాళ్ల పెద్ద. గట్టు పొడవునా నవ్వారు.

బాపు నవ్వలేదు. “ముసలోనికి చెయ్యి పోయింది,” అన్నాడు. అంతే. మధ్యాహ్నానికి ఆ మాట ఊరంతా తిరిగింది. సాయంత్రానికి ఇద్దరు రైతులు నాగలి కర్రులు మామ దగ్గర నుంచి వాపసు తెచ్చుకున్నారు. కమ్మరికి రైతులు పంట చేతికొచ్చాక ఇంత ధాన్యం కొలిచే రోజులవి. ఒక పెద్ద రైతు తప్పుకుంటే వెనకే పదిమంది తప్పుకుంటారు. చెయ్యి పోయిందన్న పేరు పడితే మామ కొలిమి ఆరిపోయినట్టే. ఎండలో కాల్చామన్న మాట మామ ఎత్తనే లేదు.

నేనూ ఎత్తలేదు. ఏం జరిగిందో నాకే తెలియదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అందులో సగం నిజం. రంగు సరిపోయింది, వేడి సరిపోయింది, పుస్తకం అబద్ధం చెప్పదు. మరి ఎందుకు విరిగాయి? రంగు కలపడంలో మందారం తేడా కొట్టిందా? మామ నీళ్లు చెడ్డవా? ఎటు ఆలోచించినా తిరిగి మొదటికే వచ్చేవాణ్ణి. మిగతా సగం మాత్రం ఉత్త భయం.

మర్నాడు బాపు విరిగిన ముక్కల్ని తువ్వాలులో మూటగట్టి, “ఇనుము లోపల జూసేటోనివి గద, నడువు,” అని నన్ను కామారెడ్డి బస్సెక్కించాడు. అక్కడ లారీ కమాను పట్టీలతో పనిముట్లు చేసే, అందరూ చాచా అని పిలిచే ఒకాయన దుకాణం ఉంది. ఇక మీదట పని ఆయనకే ఇద్దామని బాపు ఆలోచన.

చాచా ఒక ముక్కను వెలుతురుకు తిప్పి, విరిగిన చోట చూపించాడు.

“సూడు పటేల్ సాబ్, షక్కర్ లెక్క మెరుస్తున్నది. మస్తు కాలింది. సరిగ్గ కాలిస్తే బూడిద లెక్క సన్నగుంటది. మీ ఉస్తాద్‌కు నజర్ పోయినట్టుంది.”

“కండ్లు గూడ పోయినయా!” అన్నాడు బాపు.

నిన్న చెయ్యి పోయింది, ఇవాళ కళ్లు పోయాయి. ఇక తట్టుకోలేక జేబులోంచి అట్ట తీశాను. “కాదు చాచా, రంగు సరిపోయింది. నేను సూసిన.”

చాచా అట్టను అటూ ఇటూ తిప్పాడు. “యే క్యా హై?”

“మందారం.”

ఆయన నవ్వు దిగమింగుకుని నన్ను దుకాణం వెనక గదికి తీసుకెళ్లాడు. రేకుల గది, ద్వారానికి లారీల మీద కప్పే పాత తాడిపత్రి కట్టి ఉంది. అక్కడా చీకటే. కొలిమిలోంచి ఒక ముక్క తీసి చూపాడు. నిగనిగలాడే ఎరుపు, అచ్చం నా మందారమే. పట్టుకారుతో దాన్ని పట్టుకుని మూడడుగులేసి ఎండలోకి వచ్చాడు. ఎరుపు మాయమైంది! మామూలు ఇనుప ముక్క. వెనక్కి లోపలికి వెళ్లాడు, మళ్లీ ఎరుపు. కళ్లు నులుముకుని ఇంకోసారి అన్నాను. అట్లా నాలుగుసార్లు తిప్పించాను.

“తమాషా గాదు బేటా, చల్లారుతది,” అన్నాడు చాచా.

అప్పుడు తెలిసింది. నిప్పుకు ఎండా నీడా లేవు నిజమే, నా కంటికి ఉన్నాయి. ఎండలో ఆ ఎరుపు కంటికి ఆనాలంటే ఉక్కు ఎంతో ఎక్కువ కాలాలి. నేను ఆగు ఆగు అన్న ప్రతిసారీ అది మితిమీరి కాలింది.

వెంటనే బాపుకు చెప్పాను. ఎట్లా చెప్పాననుకున్నారు? మితిమీరిన వేడికి రేణువులు ఉబ్బుతాయన్నాను, వాటి సరిహద్దులు బలహీనపడతాయన్నాను, రెండు భాషల్లో అరగంట చెప్పాను.

“అంటే ముసలోనిదే తప్పంటవు,” అన్నాడు బాపు.

“కాదు బాపు, పరిసరాల కాంతి…”

“పటేల్ సాబ్, పోరడు ఏందో గోల్‌మాల్ జేస్తుండు,” అన్నాడు చాచా.

నిజంగానే చేస్తున్నాను. అట్ట మడిచి జేబులో పెట్టుకున్నాను. “కొలిమి ఎండల పెట్టించింది నేనే బాపు. మామ తీస్తనంటే ఆపింది నేనే. ఐదుసార్లు.”

బాపు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. “మరి గింతసేపు జెప్పిందేందిరా?”

“గదే.”

“గది గాదు. గిది ముందు జెప్పాలె.”

చాచాకు పని ఇవ్వలేదు. కొత్త కమాను పట్టీ మాత్రం కొనుక్కుని వచ్చాం.

మర్నాడు చెరకు గట్టు మీద, నరికేవాళ్ల ముందు, వచ్చిపోయే రైతులందరి ముందు నిలబడి నా తప్పు ఒప్పుకున్నాను. ఇదిగో, మళ్లీ! ఒప్పుకోలేదు. నేను మామ గుడిసెలో తిత్తి వెనక దాక్కున్నాను. చెప్పింది బాపు. ఆయన చెప్పే తీరు నాకన్నా ఘనం. “మా పోరడు సూర్యునికీ కొలిమికీ పెండ్లి జేసిండు,” అని మొదలుపెట్టాడట. నాకీ పెంచి చెప్పే రోగం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమై ఉంటుంది. సాయంత్రానికి ఆ ఇద్దరు రైతులూ కర్రులు మళ్లీ తెచ్చి మామ వాకిట్లో పెట్టారు.

కొలిమిని తిరిగి గుడిసెలో పెట్టి, తలుపుకు గోనెపట్ట వేసుకుని మామ ఐదు కత్తులూ మళ్లీ చేశాడు. తిత్తి నేను కొట్టాను.

“ఇంజనీరు సాబ్, మందారం వచ్చిందా?” అని కత్తి కత్తికీ అడిగింది అత్త.

“ఎక్కువ కాలిందని నీకు తెలుసు గద మామా. ఎందుకు ఆగినవ్?”

“నాకు గూడ సమజ్ కాలె అల్లుడా. సెగ ఎక్కువైందని చేతికి తెలుస్తున్నది, కంటికేమో తక్కువ కనబడుతున్నది. నువ్వేమో ఆగుమంటివి. మనిద్దర్ల తప్పు నాదే అనుకున్న.”

తిత్తి ఆపేశాను. అత్త తిట్టింది, మళ్లీ కొట్టాను.

ప్రాజెక్టులో, చుట్టూ ఉన్న వెలుతురును బట్టి కాలిన ఉక్కు రంగు కంటికి మారి కనిపిస్తుందని రాశాను. “మంచి పరిశీలన, నీ సొంతమేనా?” అన్నారు సారు. అవునన్నాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అందులో మామ ఊసు లేదు, చాచా ఊసు లేదు, గోనెపట్ట ఊసు అసలే లేదు. ఎందుకు రాయలేదో ఇన్నేళ్లయినా నాకు తెలియడం లేదు. రాస్తే పోయేదేముంది?

మా చేలో ఆ కత్తులు ఆ పంటా నరికాయి, పై పంటా నరికాయి. ఆ తర్వాత మామ కొలిమి ఆరలేదు, ఆయన చెయ్యి పోయిందన్న మాట ఎవరి నోటా రాలేదు. ఎల్లారెడ్డిలో ఎవరి పనిముట్టు విరిగినా ముందు నా ముఖం చూసేవాళ్లు.

“ఏంది పటేలా, ఎండల కాల్చినవా?”