దిమ్మె వెనక రెండు రంధ్రాలు

2023 జనవరిలో, నా ఉద్యోగపు చివరి ఏడాది, కెనడాలో గ్వెల్ఫ్ దగ్గర్లోని ఒక కాలేజీలో జపనీస్ చెక్క అచ్చుల వర్క్‌షాపు నాకు అప్పగించారు. పాఠం చెప్పేది ప్రొఫెసరుగారు. నేను టెక్నీషియన్‌ని. ఉలులు నూరడం, విద్యార్థులు చెక్కిన దిమ్మెలు తనిఖీ చేసి ఫారం మీద సంతకం పెట్టడం నా పని. ఆ ఏడాది క్లాసులో సగం మంది తెలుగు పిల్లలే.

జపాన్‌లో పూర్వం ఒక బొమ్మను ఒకరు గీస్తే ఇంకొకరు చెక్కేవారు, మరొకరు అద్దేవారు. తర్వాతి కాలంలో కొందరు అన్నీ ఒకరే చేయాలన్నారు. మా ప్రొఫెసరుగారిది ఈ రెండో పక్షం. పద్ధతి మాత్రం పాతదే: దిమ్మెకు రంగు పూసి, పైన కాగితం పరిచి, వెనక నుంచి గుండ్రటి బిళ్ళతో రుద్దాలి. రంగులు చెదరకుండా కాగితాన్ని ఆనించడానికి దిమ్మె మూలన చిన్న గాడి చెక్కుతారు.

కృష్ణా జిల్లా పెడన నుంచి వచ్చిన సునీత అనే అమ్మాయి నాలుగు రంగుల్లో ఒక కొంగ బొమ్మ ఇచ్చింది. రంగుకీ రంగుకీ వెంట్రుకవాసి తేడా లేదు. కానీ దిమ్మెల మీద గాడి లేదు, కాగితం వెనక రుద్దిన జాడ లేదు. కంప్యూటర్‌లో ప్రింట్ తీసిందని ప్రొఫెసరుగారు ఫిర్యాదు పెట్టి, దిమ్మెలు నాకు పంపారు. మోసమని తేలితే కాలేజీ నుంచి పంపేస్తారు, స్టడీ పర్మిట్ కూడా చిక్కులో పడుతుంది.

నేను దిమ్మె వెనక్కి తిప్పాను. పిడి బిగించి ఊడదీసిన రెండు స్క్రూ రంధ్రాలు. అర్థం కావడానికి నాకు క్షణం పట్టలేదు. ఆ అమ్మాయి దిమ్మెనే కాగితం మీదికి తెచ్చి, బొటనవేలితో అంచు చూసుకుని, పిడికిలితో గుద్దింది. పెడనలో బట్టల మీద వేసే కలంకారీ అద్దకం ఇదే. నేనూ పెడనవాణ్ణే. పదిహేనేళ్ళొచ్చేదాకా మా నాన్న బల్ల దగ్గర అదే చేశాను. కాలేజీలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు. జపనీస్ పద్ధతి తెలిసిన మనిషిగానే చెలామణి అయ్యాను.

ఫారంలో 'గాడి లేదు' అని రాశాను.

విచారణలో సునీత తన పద్ధతి చెప్పి, చేసి చూపిస్తానంది. గాడి లేకుండా నాలుగు రంగులు కుదురుతాయా అని నన్ను అడిగారు. జపనీస్ పద్ధతిలో కుదరవన్నాను. అబద్ధం కాదు. మనవాళ్ళని వెనకేసుకొస్తున్నాడంటారని ఒక భయం, ఇన్నేళ్ళ నా పరువు ఏమవుతుందోనని ఇంకో భయం. చేసి చూపించనక్కర్లేదని తేల్చేశారు. ఆమెను కాలేజీ నుంచి తీసేశారు.

ఉలులు తిరిగివ్వడానికి వచ్చింది.

"అంకుల్, మీదీ పెడనేనంట కదా, మా నాన్న చెప్పాడు. మీ నాన్నగారికి అచ్చులు చెక్కింది మా తాతేనంట. మరి ఆ రోజు ఒక్క మాట చెప్పలేదేంటండీ?"

నేను తల ఎత్తకుండా ఉలులు లెక్కపెట్టాను.

"ఆరూ ఉన్నాయమ్మా" అన్నాను.

ఆ ఫారం అడుగున 'ఇతర పరిశీలనలు' అని మూడు గీతలు ఉంటాయి. వాటిని ఖాళీగా వదిలి కింద సంతకం పెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. తనిఖీ చేసేవాడు రాసినదానికి ఎంత బాధ్యుడో, చూసి కూడా రాయనిదానికీ అంతే బాధ్యుడు. ఉద్యోగం ముగిసే ఏడాదిలో నేను నేర్చుకున్నది ఇది. దాని ఖరీదు మాత్రం సునీత కట్టింది.