సంత నడిమధ్యగా పరీక్షకు నడిచిన అమ్మాయిలు

అరకు చూద్దామని కాదు, సునీత గోల పడలేక వెళ్ళాను. సునీత నా చిన్ననాటి స్నేహితురాలు, హెచ్‌ఐవి పరీక్షలు చేసే సంచార బృందంలో కౌన్సెలర్. ఏజెన్సీ సంతల్లో గుడారం వేస్తే పెళ్ళీడు పిల్లలు ఒక్కరూ రావడం లేదని ఫోన్లో ఒకటే బాధ. "నువ్వొచ్చి కూర్చో, వాళ్ళ భయమేమిటో నీకైనా చెబుతారేమో" అంది. సరే, కొండలూ చూసినట్టుంటుందని బయలుదేరాను.

విశాఖలో తెల్లవారేసరికే స్టేషనుకు చేరి, కిరండూల్ పాసింజరులో కుడివైపు కిటికీ పట్టుకున్నాను. మీరూ కుడివైపే కూర్చోండి. సొరంగం మీద సొరంగం, పిల్లల కేకలు, బయటపడగానే కాళ్ళ కింద లోయ. అబ్బ, ఏం కొండలండీ! అరకులో దిగి సంతకు వెళ్ళే షేరు జీపెక్కాను, మనిషికి పది రూపాయలు. పక్కన పసుపు కొమ్ముల బుట్టతో బుద్రి అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి కూర్చుంది. నేనెక్కడికో చెప్పగానే గొంతు తగ్గించింది.

"ఆ గుడారం కాడికా అక్కా? నాకూ సూపించుకోవాలనుంది. వచ్చే నెల నా పెళ్ళి. మా సుక్రు రెండేళ్ళు పట్నంలో పని సేసొచ్చినాడు. ఇద్దరం సూపించుకుందారంటే ఆడికి సిగ్గు."

"మరి నీకేం అడ్డం?"

"సంత ఎనకాల సాటుగా ఏసినారు కదా. అటేపు ఒక్కద్దాన్నీ ఎల్తే సంతంతా సూత్తాది. రోగమొచ్చిందంటారు. పెళ్ళాగిపోద్ది."

ఈ మాట చెబితే సునీత తల పట్టుకుంది. "ఎవరూ చూడకూడదనే కదే అంత దూరం వేశాం!"

మధ్యాహ్నం బుద్రి వచ్చింది. ఒక్కతే కాదు. ధింసా నాట్యం ఆడేటప్పటిలాగే వీపుల వెనక చేతులు పెనవేసుకుని, తన ఈడు అమ్మాయిలందరూ ఒకే వరుసగా, సంత నడిమధ్యగా నడిచి వచ్చారు. చింతపండు బేరాలు ఆగిపోయాయి.

"ఏటే గుంటల్లారా, అందరికీ రోగాలేటే?" అని ఒక ముసలమ్మ అరిచింది.

"అందరం సూపించుకుంటన్నాం మామ్మా. ఇప్పుడెవులికేసి ఏలు సూపిత్తావు?" అంది బుద్రి.

ఫలితం ఎవరిది వాళ్ళకే చెబుతామని, లోపలికి ఒక్కొక్కరే రావాలని సునీత చెప్పింది. అలాగే వెళ్ళారు. బయటికొచ్చిన ప్రతి అమ్మాయినీ వరుస మళ్ళీ తనలో కలుపుకుంది. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె వీపు వెనక చేతులు మాత్రం ఇంకాస్త బిగుసుకున్నాయి. బుద్రి ఆఖరున వచ్చింది. ఆమె ముఖం చూసి నేనేమీ పోల్చుకోలేకపోయాను.

కల్లు కుండల దగ్గర మగపిల్లల మధ్య సుక్రు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"ఏటి సూత్తన్నావు? నాదైపోనాది. బేగి రా!" అని కేకేసింది.

తల వంచుకుని వచ్చాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు, ఆ తర్వాత మిగతావాళ్ళు. సాయంత్రం జీపెక్కబోతుంటే బుద్రి పరుగెత్తుకొచ్చింది, వెనకే ఆమె బుట్ట మోస్తూ సుక్రు. "పెళ్ళికి రావాలక్కా" అంది.

ఎవరి ఫలితమేమిటో సునీత చెప్పలేదు, నేనడగలేదు. గుట్టుగా ఉంటే చాలు, పిల్లలు ధైర్యంగా వస్తారనుకున్నాం మేము. ఆ పిల్లలకు కావలసింది తోడు. అంత అందమైన లోయ చూసి వచ్చానా, కళ్ళు మూసుకుంటే కనిపించేది ఆ వరుసే.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: పరీక్ష చేయించుకోవాలని ఉండీ కాళ్ళు కదలకపోతే, ఒంటరిగా వెళ్ళకండి, నలుగురు స్నేహితుల్ని లాక్కెళ్ళండి.