పదకొండో గొట్టం

లస్కరు గారు పోయారన్న కబురు నాకు మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కూలబడిపోయారట. గ్రూపులో పెట్టింది మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు. "కాలువ కోసం తపించిన మంచి మనిషి ఇక లేరు" అని రాసి, కింద మూడు దణ్ణాలు. ఆ దణ్ణాల కింద ఇంకొన్ని దణ్ణాలు, ఫ్లాటుకొకటి చొప్పున. నాకు ముందు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ మంచి మనిషి రెండేళ్ళుగా మా అపార్టుమెంటుని అడిగింది ఒకే ఒక్క పని. అది చేయని చేతులే ఇప్పుడు ఫోనులో దణ్ణాలు పెడుతున్నాయి. వాటిలో నా చేతులూ ఉన్నాయి కాబట్టే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

లస్కరంటే తెలియనివాళ్ళకి చెబుతాను. ఇరిగేషన్ శాఖలో కాలువ గట్టు మీద తిరిగి కాపలా కాసే, తూముల తలుపులు ఎత్తి దించే చిన్న ఉద్యోగి. ఆయన బందరు కాలువ మీద ఆ పని చేసి రిటైరయ్యారు. పటమట నుంచి కాలువ వైపు దిగితే మా అపార్టుమెంటు, దాని వెనక సందులో ఆయన రెండు గదుల ఇల్లు. రిటైరయ్యాక కూడా గట్టు మీద తిరగడం మానలేదు. "ఉద్యోగం ఆగింది గానీ కాళ్ళు ఆగట్లేదమ్మా" అనేవారు.

నేను ఆయన్ని మొదట చూసింది మూడేళ్ళ కిందటి వేసవిలో. ఏటా వేసవిలో మరమ్మతులకని కొన్ని వారాలు కాలువ కట్టేస్తారు కదా, అప్పుడు అడుగు బయటపడుతుంది. మేమొక పాతికమందిమి ఒకే రంగు టీషర్టులు వేసుకుని కాలువ శుభ్రం చేస్తామని దిగాం. ముందు ఫొటోలు. తర్వాత వీడియో. గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తున్న ఓ బక్కపల్చటి పెద్దాయన, చర్చికి వేసుకెళ్ళిన తెల్లచొక్కా చేతులు పైకి మడుస్తూ, "ఫొటోలు అయినయ్యా అండీ? అయితే ఇక పని మొదలెడదాం" అన్నారు. మేం నవ్వాం. మూడు గంటలపాటు ప్లాస్టిక్కూ చెత్తా లాగి గట్టు మీద గుట్టలు పోసి, ట్రాక్టరు వస్తుందని ఎవరో చెబితే నమ్మి ఇళ్ళకెళ్ళిపోయాం. ట్రాక్టరు రాలేదు. రెండో రోజు ఈదురుగాలి వాన కొట్టి గుట్టలన్నిటినీ మళ్ళీ కాలువలోకి తోసేసింది. పేపర్లో మా ఫొటో మాత్రం చక్కగా వచ్చింది.

"గట్టు మీద పెట్టింది కాలవలో ఉన్నట్టేనమ్మా. బండి కదిలిందాకా నిలబడితేనే తీసినట్టు" అన్నారాయన, మరుసటి ఆదివారం. ఆ రోజు బండి కదిలేదాకా నిలబడ్డాం. మిట్టమధ్యాహ్నం అయింది. పాతికమందిలో మిగిలింది ఆరుగురం. ఆయన ఇంటి నుంచి క్యానుతో మజ్జిగ తెచ్చి పోస్తూ, "ఇప్పుడు మీరు మనుషులండీ, టీషర్టులు కాదు" అన్నారు.

ఆయన అసలు పని చెత్త తీయడం కాదు. గొట్టాలు. కాలువ నిండా నీళ్ళున్నప్పుడు గట్టు గోడ కింద ఏముందో ఎవరికీ కనబడదు. కట్టేసిన ఆ కొద్ది వారాల్లోనే ఇళ్ళనుంచీ హోటళ్ళనుంచీ మురుగు వదిలే గొట్టాలన్నీ పళ్ళికిలించుకుని బయటపడతాయి. ఆయన ఒక పాత పెయింటు డబ్బాలో సున్నం కలుపుకుని, కుంచె పట్టుకుని, ఒక్కో గొట్టం పక్కన గోడ మీద ఒక్కో అంకె వేసేవారు. ఏడాది పొడుగునా నీళ్ళలో నాని అది పోతుంది. మళ్ళీ వేసవికి మళ్ళీ వేసేవారు. ఆదివారం చర్చి అవగానే నేరుగా గట్టుకే వచ్చేవారు. బైబిలున్న సంచిలోనే కుంచె కూడా ఉండేది. ఆ బైబిలు అట్ట మీద సున్నం చుక్కలు ఎప్పుడూ పోయేవి కావు.

మొదటిసారి నా చేతికి కుంచె ఇచ్చినప్పుడు నేను వేసిన అంకె నీళ్ళ మరకలా ఉందే తప్ప కనబడలేదు. మళ్ళీ కుంచె ముంచబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "అప్పుడే చూడమాకమ్మా. తడి సున్నం కనబడదు. ఆరనీ, అదే తేలుద్ది." టీ తాగి వచ్చేసరికి నా వంకర ఏడు తెల్లగా మెరుస్తోంది.

సోమవారాలు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోటికి మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. "ఒక్కళ్ళే వెళ్ళమాకండి, ఒక్కళ్ళని కూర్చోబెడతారు. ముగ్గురుంటే మాట్టాడతారు" అనేవారు. నేను మొదట రాసిన అర్జీ రెండు పేజీలు. పర్యావరణం, భావితరాలు, అన్నీ దట్టించాను. కాలువ నుంచి దుర్వాసన వస్తోందని కూడా రాశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివి మెల్లగా మడిచారు. "వాసనకి అడ్రసు ఉండదమ్మా. గొట్టం నంబరు రాయి. ఒక గొట్టానికి ఒక కాయితం. రసీదు తీసుకోకుండా కదలమాక."

కౌంటరు దగ్గర కూర్చున్నతను, "ఈ నంబర్లు ఎవరిచ్చారండీ?" అని విసుక్కున్నాడు.

"నేనే ఇచ్చానండీ. మీరిస్తే మీవే రాసుకుంటాను" అన్నారు లస్కరు గారు, ఎంతో మర్యాదగా.

పది రోజులకి ఫోనుకి మెసేజ్ వచ్చేది, మీ సమస్య పరిష్కారమైందని. ఆ మెసేజ్‌లు చూస్తే నాకు ఇప్పటికీ నెత్తురు ఉడుకుతుంది. ఎవరూ రాలేదు, ఎవరూ చూడలేదు, ఎక్కడో కూర్చుని ఎవరో మీట నొక్కారు. ఆయన కేకలు వేసేవారు కాదు. ఫోను పట్టుకుని ఆ గొట్టం దగ్గరికే దిగి, కారుతున్న మురుగు పక్కన ఆ మెసేజ్ పెట్టి, నా ఫోనుతో ఫొటో తీయించి, దాన్ని జతచేసి మళ్ళీ అర్జీ పెట్టేవారు. అలా తిరిగి తిరిగి, పట్టువదలకుండా, నాలుగు గొట్టాలు మూయించారు. మూయించడమంటే సిమెంటు కొట్టడం కాదు. అలా చేస్తే మురుగు ఇంట్లోకే ఎగదన్నుతుంది. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి కలిపించాలి. అది కలిపిందాకా ఆ ఇంటివాళ్ళ గుమ్మం వదిలేవారు కాదు.

ఇక పదకొండో గొట్టం సంగతి. లావుపాటి గొట్టం, నల్లగా, పొద్దునా సాయంత్రం ధారగా వచ్చేది. ఎవరిదో తెలిసేది కాదు. రెండో వేసవిలో ఒక రోజు ఆయన నన్ను అడిగారు. "మీ సెల్లారులో మురుగు గుంట మూత ఉందిగా అమ్మా, అందులో ఓ సీసా నీలిమందు పోసొస్తావా?" తెల్లబట్టలకి పెట్టే మామూలు నీలిమందే. అనుమానం ఉన్న చోట అది పోసి, ఏ గొట్టంలోంచి నీలం వస్తుందో చూడడం ఆయన పద్ధతి.

నాకు నవ్వొచ్చింది. "మాది డ్రైనేజీకి కలిపే ఉందండీ. కొనేటప్పుడే చెప్పారు" అన్నాను. అప్పటికి నేను పది గొట్టాల మీద అర్జీలు రాసి ఉన్నాను. ఆ ఇళ్ళవాళ్ళని సిగ్గూశరం లేని మనుషులని నోటికొచ్చినట్టు తిట్టి ఉన్నాను. ఆ ధీమాతోనే సెల్లారులో మూత ఎత్తించి సీసా మొత్తం వంపి, చేతులు కడుక్కుని, గట్టు మీదికి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

పది నిమిషాలైంది. పదకొండో గొట్టం నోట్లోంచి ముందు సన్నగా, తర్వాత చిక్కగా నీలం వచ్చింది.

ఆయన నా మొహం చూడలేదు. చూస్తే నేను తట్టుకోలేనని తెలుసు. "తేలిందమ్మా" అన్నారు. కాలువ పారే వైపు చూస్తూ, "మా అక్క కంకిపాడు అవతల ఉంటది. వాళ్ళ ఊరి మంచినీళ్ళ చెరువుకి ఈ కాలవే. నీళ్ళొదిలిన మొదటి రోజు ఈ అడుగునున్నదంతా కొట్టుకుపోయి అందులోనే పడుద్ది. మీరిక్కడ ఫ్లష్ నొక్కితే అక్కడ మా అక్క బిందెలో తేలుద్ది" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"పదకొండు మీద అర్జీ నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అని అడిగారు.

నేను చేసిన తప్పు ఇదీ. "అసోసియేషన్లో మాట్లాడి నేనే చేయిస్తానండీ. ఒక్క నెల ఆగండి" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. మా అపార్టుమెంటు పేరు ఆ కాయితం మీద చూడడం నాకు ఇష్టం లేదు. ఎవరి గొట్టమైనా ఊరికి చెప్పాలి, మా గొట్టం మాత్రం మేం లోపల మాట్లాడుకోవాలి! ఆయన "సరేనమ్మా" అన్నారు. అంతే. ఇచ్చిన మాట మీద నిలబడ్డారు. గొట్టాలన్నిటి మీదా అర్జీలు వెళ్ళాయి, పదకొండు మీద తప్ప.

మీటింగుల్లో నేను అడగలేదని కాదు. అడిగాను. వర్షాకాలం కానీండి అన్నారు. పండగలు కానీండి అన్నారు. కొత్తగా రోడ్డు వేశారు, ఇప్పుడెలా తవ్వుతామన్నారు. "ఊరంతా వదులుతుంటే మనదొక్కటే ఎక్కువైందా మేడం?" అన్నారు. ఆఖరికి ప్రెసిడెంటు గారు మెల్లగా నవ్వి, "అయినా నీళ్ళొదిలాక అది కనబడదు కదండీ" అన్నారు. ఆ మాటకి అక్కడున్నవాళ్ళలో సగం మంది తలలూపారు. నేను లేచి వచ్చేయలేదు. బిస్కెట్టు తిని, టీ తాగి వచ్చాను. నెల అడిగినదాన్ని రెండేళ్ళు తీసుకున్నాను. దారిలో కనబడితే ఆయన "ఏమన్నారమ్మా?" అని అడిగేవారు. తర్వాత అడగడం మానేసి, "ఎండ జాస్తిగా ఉంది, గొడుగు తెచ్చుకోవాల్సిందమ్మా" అనడం మొదలుపెట్టారు. అది ఇంకా కష్టంగా ఉండేది.

సోమవారం సమాధి చేశారు. పెట్టెలో చేతుల దగ్గర బైబిలు పెట్టారు, సున్నం చుక్కలతోనే. కంకిపాడు అవతల నుంచి వాళ్ళ అక్క వచ్చింది. చిన్న పిట్టలా ఉంది. నాకు ఆమె మొహం కన్నా ముందు బిందె గుర్తొచ్చింది. దగ్గరికి వెళ్ళి పలకరించే ధైర్యం లేక వెనకే నిలబడ్డాను. వాళ్ళింటికి తిరిగొచ్చాక లస్కరు గారి భార్య పెయింటు డబ్బా, కుంచె తెచ్చి నా చేతికిచ్చింది. "మిగతావన్నీ పిల్లలు తీసుకుంటామన్నారమ్మా. ఇదెవరూ అడగలా. నీకైతే పనికొచ్చుద్ది."

గురువారం కాలువకి నీళ్ళొదిలారు. నేను వెళ్ళి చూశాను. ముందు ఎర్రటి నురగ, చెత్త, చెప్పులు, ఒక విరిగిన కుర్చీ కొట్టుకొచ్చాయి. తర్వాత నీళ్ళు గోడ ఎక్కాయి. నెల కిందట ఆయన చేత్తో వేసిన పదకొండు అంకె కింది నుంచి పైకి మునిగిపోయింది. గొట్టం మునిగిపోయింది. ఇంక పది నెలలదాకా మా అపార్టుమెంటంత పరిశుభ్రమైనది ఊళ్ళో ఉండదు.

ఈ ఆదివారం మా అసోసియేషన్ వారు ఆయనకి సంతాప సభ పెట్టారు. ఎక్కడనుకున్నారు? సెల్లారులో. ప్లాస్టిక్ కుర్చీలు, దండ వేసిన ఫొటో, మైకు. ప్రెసిడెంటు గారు నిలబడింది సరిగ్గా ఆ మూత మీద. ప్రకృతి ప్రేమికుడన్నారు, నిస్వార్థ జీవి అన్నారు, ఆయన బాటలో నడవాలన్నారు. తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరం తలలు దించుకున్నాం. ఎంత నిశ్శబ్దమంటే ఫ్యాను చప్పుడు వినబడుతోంది. అప్పుడు పై అంతస్తులో ఎవరో ఫ్లష్ నొక్కారు. గోడ వారగా ఉన్న పైపులోంచి బుడబుడమంటూ కిందికి దిగి, ప్రెసిడెంటు గారి కాళ్ళ కింద నుంచి కాలువ వైపు వెళ్ళింది. ప్రతి ఒక్కరూ విన్నారు. ఒక్కరూ తలెత్తలేదు.

రెండు నిమిషాలు పూర్తయ్యేదాకా నేను ఆగలేదు. పైకెళ్ళి డబ్బా తెచ్చాను. అడుగున గడ్డకట్టిన సున్నంలో నీళ్ళు పోసి కలిపాను. గేటు పక్క స్తంభం మీద, ముదురు ఎరుపు రంగు మీద, మా అపార్టుమెంటు పేరు ఇత్తడి అక్షరాల్లో ఉంటుంది. దాని కింద నిలువునా రెండు గీతలు గీశాను.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఏంటమ్మా అది? ఏం కనబట్టంలా."

"కనబడుతుంది. ఆరనీ."

సభ ముగించి ప్రెసిడెంటు గారూ, వెనక పది మందీ పైకి వచ్చారు. "ఏం రాస్తున్నారు మేడం?" అన్నారాయన, తడిగోడ వంక చూసి.

"మన నంబరండీ. రేపు సోమవారం. అర్జీలో కూడా ఇదే రాస్తున్నాను. మీరు తుడిస్తే మళ్ళీ వేస్తాను. మురుగు డ్రైనేజీకి మళ్ళిందాకా వేస్తూనే ఉంటాను."

నేను కుంచె డబ్బాలో పెట్టి గేటుకి ఎదురుగా నిలబడ్డాను. స్తంభం మీదికి ఎండ వచ్చింది. ముందు ఒక గీత తేలింది. తర్వాత రెండోది.