పన్నెండో సొరుగు

దయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి నాకు అందరికంటే గట్టి కారణమే ఉంది. ప్రొద్దుటూరులో మా వీధి టీ అంగడికి నలభై ఏళ్లపాటు దయ్యాలను తయారుచేసి ఇచ్చినవాణ్ని నేనే. మిఠాయి చేసేవాడికి మిఠాయి మీద ఆశ ఉండదు గదా, అట్లా.

నేను వడ్రంగిని. పేరు మస్తాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా ఊరి డాక్టరుగారొకరు చిన్న పాత వ్యాను కొన్నారు. వారానికొకసారి అందులో జమ్మలమడుగు, పులివెందుల మీదుగా లింగాల దాకా పోయి, దారి పొడుగునా పల్లెల్లో రోగుల్ని చూసి వచ్చేవారు. మందు సీసాలను గోనెసంచుల మధ్య పెట్టుకుని పోతే ఆ రోడ్లకు సగం పగిలేవి. అందుకని వ్యాను వెనక సొరుగులు చేసి బిగించమని నన్ను పిలిపించారు.

ఇంట్లో బల్లకు సొరుగు చేయడం వేరు, కదిలే బండికి చేయడం వేరు. ఎత్తు ఎక్కినప్పుడల్లా సొరుగులన్నీ వెనక్కి జారి తెరుచుకుంటాయి. అందుకని ప్రతి సొరుగు అడుగునా గాడి తీసి, అది చట్రం మీద కూర్చునేట్టు చేశాను. కొంచెం పైకెత్తి లాగితేనే వస్తుంది. ఊరికే లాగితే ఎద్దును కట్టి లాగినా రాదు. సరే, ఎద్దు మాట ఎక్కువ. మనిషి లాగితే రాదు.

మొత్తం పన్నెండు. పదకొండింటికి కొత్త టేకు సరిపోయింది. పన్నెండోదానికి కట్టె చాల్లేదు. జమ్మలమడుగులో ఒక ముసలామె దగ్గర పాత ఉయ్యాల తొట్టి ఉందంటే పోయి కొన్నాను. పక్కపలకల మీద చిలకలు చెక్కిన మంచి టేకు. మా దిక్కు ఉయ్యాలను ఎవరూ విప్పి కట్టె కింద అమ్మరు. అటక మీదన్నా పెడతారు, చుట్టాల్లో కాన్పు వస్తే ఇచ్చన్నా పంపిస్తారు. ఎందుకు అమ్ముతున్నావని నేను అడగలేదు. ఆమె కూడా ఒక్క మాటే చెప్పింది. "దేనికన్నా వాడుకో నాయనా. ఊపొద్దు, అంతే."

చిలకల్ని చిత్రిక పట్టి తీసేశాను. దాంతో పలక పలచబడి, సొరుగు తన గూట్లో కాస్త వదులైంది. డాక్టరుగారి సామానంతా పదకొండింట్లోనే సరిపోయింది. అడుగు వరసలో ఎడమ చివరన ఉన్న ఆ పన్నెండోది ఖాళీగా మిగిలింది.

మొదటి ప్రయాణంలో ఏవన్నా బిగుసుకుంటే సరిచేయడానికి నేనూ సామాన్ల సంచితో వెనక ఎక్కాను. జమ్మలమడుగు దాటామో లేదో ఆ సొరుగులోంచి పసిబిడ్డ ఏడుపు మొదలైంది. సన్నగా, ఆగి ఆగి. ముద్దనూరు వచ్చేసరికి పన్నెండు సొరుగులూ వాటంతటవే తెరుచుకుని మూసుకుంటున్నాయి.

ఆగండి. అది టీ అంగడిలో చెప్పే కథ. ఇది అచ్చులో పడేది కాబట్టి సరిదిద్దుకుంటాను. ఏడుపు లేదు. ఒక్క సొరుగూ తెరుచుకోలేదు. కిర్రు, కిర్రుమని ఒక చప్పుడు మాత్రం వచ్చింది. వదులు సొరుగు ముందుకూ వెనక్కూ జరిగే చప్పుడు. అందులో వింత లేదు, తప్పు నా పనితనానిది.

వ్యాను తోలేది ఓబులేసు. నా ఈడువాడే. ఇద్దరం ఒకరినొకరు మామా అని పిలుచుకునేవాళ్లం. అతని భార్య లింగాలలో పుట్టింట ఉంది, నెలలు నిండినాయి. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టిన రోజే పోయారు. ఈ మూడో కాన్పు మాట ఎవరెత్తినా అతను లేచి పక్కకు పోయేవాడు. నాతో ఒక్కసారే అన్నాడు, ఇది కూడా దక్కకపోతే ఆమె కూడా దక్కదని.

ముద్దనూరు దాటినాక ఒక చిన్న వాగు, మేం వంక అంటాం, దాని దగ్గర వ్యాను ఆపించి, డాక్టరుగారు ఎవరినో చూడటానికి కాలిబాటన పల్లెలోకి పోయారు. మిట్టమధ్యాహ్నం. మేమిద్దరమే మిగిలాము. వెనక ఆ చప్పుడేంటని ఓబులేసు అడిగాడు.

నా నోరు ఊరుకుంటుందా? "ఉయ్యాల ఊగుతాంది మామా" అన్నాను. కట్టె ఎక్కడిదో, చిలకలేమైనాయో, ముసలామె ఏమందో అంతా నవ్వుతూనే చెప్పేశాను.

అతను నవ్వలేదు. మెల్లిగా అడిగాడు.

"అయితే పొద్దున్నుంచీ ఖాళీ ఉయ్యాల ఊపుకుంటా పోతాండామా మామా, నా పెండ్లాం కాడికి?"

ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకు కీడని మా వైపు ప్రతి ఇంట్లోనూ అంటారు. నేను అదీ నమ్మను. కానీ ఆ మొహం చూశాక, చేసిన తమాషాకు అంతగా సిగ్గుపడింది నా జన్మలో ఇంకెప్పుడూ లేదు.

సొరుగు పీకి వంకలో పారేస్తానన్నాడు. డాక్టరుగారి సొత్తు, నౌకరీ పోతుందని ఆపాను. "అట్లయితే ఖాళీగా ఉండకూడదు" అన్నాడు. బిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వేసేముందు గుండ్రాయిని గుడ్డలో చుట్టి అందులో పడుకోబెట్టడం వాళ్లలో ఆచారం. వంకలోకి దిగి కొబ్బరికాయంత నున్నటి నల్లరాయి ఏరుకొచ్చాడు. నా టవలు అడిగి తీసుకుని అందులో చుట్టి, ముడేసి, పసిబిడ్డను తల కింద చెయ్యి పెట్టి ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి సొరుగులో పెట్టాడు. నేను సొరుగు మూసి, కదలకుండా రెండు స్క్రూలు బిగించాను. డాక్టరుగారికి కనబడకుండా మైనంలో కట్టెపొట్టు కలిపి స్క్రూ తలల మీద అద్ది, బొటనవేలితో నొక్కాను. వేలిగీతలు కూడా పడినాయి.

ఆ తర్వాత లింగాల దాకా చప్పుడు లేదు.

మేం చేరేసరికి మూడు దాటింది. పొద్దున్నుంచీ నొప్పులు పడుతోందని, మంత్రసాని చేతులెత్తేసిందని వీధిలోనే చెప్పారు. డాక్టరుగారు సంచి తీసుకుని పరుగున లోపలికి పోయారు. ఓబులేసు గడప దగ్గర గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. నేను ఆగి ఉన్న బండికి వీపు ఆనించి, వెనక మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాను.

అప్పుడు మొదలైంది. కిర్రు, కిర్రు.

ఇంజిను ఆపేసి ఉంది. గాలి లేదు. బండి మీద నేను తప్ప ఎవరూ లేరు, నేను కదలడం లేదు. వీపు వెనక పలకలో ఆ ఊపు తెలుస్తోంది. వేగంగా కాదు. చేత్తో ఇంకేదో పని చేసుకుంటూ ఆడమనిషి కాలితో ఉయ్యాల ఊపుతుందే, ఆ వేగం. లేచి తలుపు తీయాలనుకున్నాను. లేవలేదు. బీడీ వేళ్ల దాకా కాలింది.

ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ వెంటనే ఇంట్లోంచి ఏడుపు. ఇది నేను చేర్చిన ఏడుపు కాదు, వీధి వీధంతా విన్నది. బిడ్డ ఊపిరి లేకుండా పుట్టిందని, ఆశ వదులుకున్నాక ఏడ్చిందని డాక్టరుగారు తర్వాత చెప్పారు.

నేను సొరుగు దగ్గరికి పోయాను. మైనం మీద నా వేలిగీతలు అట్లాగే ఉన్నాయి. గీకి, స్క్రూలు విప్పి, ఎత్తి లాగాను.

రాయి లేదు.

ముడేసిన టవలు పరిచి ఉంది, నాలుగు కొసలూ నాలుగు మూలలకు. మధ్యలో పల్లం. పాలవాసన వచ్చిందని టీ అంగడిలో చెబుతుంటాను. రాలేదు. వెచ్చగా ఉన్న మాట నిజం, కానీ ఎండలో నిలబడ్డ బండిలో ఏది వెచ్చగా ఉండదు? అడుగుపలక కొట్టి చూశాను, చీలిక లేదు. వ్యాను కిందికి దూరి చూశాను. వంక దగ్గర స్క్రూలు బిగించింది మొదలు నేను ఆ సొరుగు పక్కనే ఉన్నాను. దగ్గరికి ఎవరూ రాలేదు.

తిరుగు ప్రయాణంలో పొద్దుగూకే వేళకు వంక వచ్చింది. ఓబులేసు బండి ఆపి, వెనక్కి వచ్చి, డాక్టరుగారికి వినబడకుండా చెప్పాడు. "మామా, బిడ్డ వచ్చింది గదా, ఇంక ఆ గుండును తెచ్చినకాడనే పెట్టి రా. ఆడబిడ్డ. నువ్వే పెట్టల్ల, నీ చేత్తో పెడితేనే బిడ్డ చల్లంగా ఉంటాది."

రాయి లేదని ఆ మనిషికి ఎట్లా చెప్పేది? ఖాళీ టవలును చుట్టి, రెండు చేతులా బరువు మోస్తున్నట్టు వంగి నడిచి వంకలోకి దిగాను. కింద పెట్టినట్టు మోకాళ్ల మీద కూర్చున్నాను. పైనుంచి ఓబులేసు దణ్ణం పెట్టడం కనబడింది.

ఆ బిడ్డకిప్పుడు మనవళ్లు. ఓబులేసు పోయి చాలా కాలమైంది, అతనికి చివరిదాకా చెప్పలేదు. టీ అంగడిలో ఈ కథ ఎత్తింది అతను పోయినాకనే. రాయి ఏమైందో, నిలబడ్డ బండిలో ఉయ్యాల ఊపిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. వంకలో కూర్చున్నప్పుడు ఇంకొకటి జరిగింది. లేవబోతే, చేతుల్లోని ఖాళీ టవలు నిజంగానే రాయంత బరువుగా ఉంది, నేల మీద దించినాకే తేలికైంది. ఇది టీ అంగడిలో ఎప్పుడూ చెప్పలేదు.