తగ్గని వాపు

మా వ్యాయామం సారు పోయారని పొద్దున్నే ఆయన సొంతూరు కట్టంగూర్ నుంచి ఫోన్ వచ్చింది. కొన్ని నెలలుగా ఆ ఊరి నంబరు మోగినప్పుడల్లా నేను భయపడుతూనే ఉన్నాను.

తెలంగాణ వచ్చాక పడిన కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం నల్గొండ గ్రౌండులో మా ఆడపిల్లలకు పరుగు నేర్పింది ఆయనే. రోజూ ముందుగా బస్కీలు తీయించి, కూర్చుని లేచేటప్పుడు మా మొహాలు చూసేవారు. ఎవరి మొహంలోనైనా నొప్పి కనిపిస్తే ఆ రోజు వాళ్లకు పరుగు లేదు.

"ఉరికినంక కండ సన్నగ చిరుగుతది. ఆడ మంట పుడతది, వాపొస్తది. గా వాపే కండను మల్ల గట్టిగ కడతది. దానికి జర టైమియ్యాలె" అనేవారు. మనం పీల్చే ఆక్సిజనే లోపల కొంత విషంగా మారుతుందని, కొద్దిగా అయితే కండ తట్టుకోవడం నేర్చుకుంటుందని, మితిమీరితే కండే పాడవుతుందని కూడా చెప్పారు. వినే ఓపిక మాకేదీ? సెలక్షన్లు దగ్గర పడుతున్నాయి.

నా రూమ్మేట్ మంజుల నొప్పి గోలీలు మింగి, నవ్వుతూ బస్కీలు తీసేది. నాకు తెలుసు. సారుకు చెప్పలేదు. ఒక ఎండాకాలం పొద్దున ఆమెకు మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. అప్పుడు చెప్పాను. సారు ఆటో పిలిచి దవాఖానకు తీసుకెళ్లారు. కరిగిన కండ కిడ్నీలను దెబ్బతీసిందన్నారు డాక్టర్లు. మంజుల బతికింది. మళ్లీ పరుగెత్తలేదు.

"నీకు ముందే ఎరికేనా బిడ్డా?" దవాఖాన మెట్ల మీద అడిగారు సారు.

తలూపాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

నాకు ఉద్యోగం వచ్చింది. నిరుడు ఆయన్ను చూడబోతే, కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించారు. తొడలు సన్నబడిపోయాయి.

"ఏమైంది సార్?"

"గా వాపే. తగ్గుతలేదు. ఉరకకున్నా లోపల మంట మండుతనే ఉంది. కండను తింటాంది."

డాక్టర్లూ అదే చెప్పారట. మందులు వాడారు. వెళ్లిన ప్రతిసారీ ఆయన చేతిపట్టు ఇంకొంత సడలి ఉండేది. చివరిసారి చాయ్ గ్లాసు సగంలోనే పక్కన పెట్టేశారు.

"ఇగ గొంతుకొచ్చింది. మింగుడు పడ్తలేదు. నువ్వు ఫికర్ చెయ్యకు. కొత్త పిల్లలకు మాత్రం చెప్పు, నొప్పి దాయొద్దని."

ఆయన దగ్గర నేర్చుకున్న నలుగురు ఆడపిల్లలం పాడె మోస్తామని ముందుకొచ్చాం. అలవాటుగా మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టి లేపాం. బరువుంటుందనుకున్నాం. పాడె మా భుజాలు దాటి పైకి లేచిపోయింది. దాన్ని అలాగే పైకెత్తి పట్టుకుని, నలుగురం కాసేపు కదలకుండా నిలబడిపోయాం.