ఘని మేస్త్రీ ఘనపు అడుగులు

మిద్దెకు కాంక్రీటు ఎంత పడుతుందో ఘని మేస్త్రీ పడుకుని చెప్పేవాడు. టేపు పట్టడు, కాగితం ముట్టడు. గచ్చు మీద వెల్లకిలా పడుకుంటాడు. కాలికాడ నేను సుద్దతో గీత గీయాల. లేచి, ఆ గీత మీద తల పెట్టి మళ్లీ పడుకుంటాడు. "పొడుగు అయిదు ఘనీలు, అడ్డం నాలుగు ఘనీలు" అని దుమ్ము దులుపుకుని మూటల లెక్క చెప్పేస్తాడు. మనిషి అయిదున్నర అడుగులు. బరువు మాత్రం రెండు సిమెంటు మూటలు.

ఊరు పుంగనూరు. ఆయన కింద కాంక్రీటు బాండ్లి నెత్తిన మోసే ఆడోళ్లం ఎనిమిది మందిమి. మదనపల్లె గానీ, కుప్పం గానీ, యాడ మిద్దె లేస్తే ఆడ మేము. నేను రెండో తరగతిలోనే బడి మానేసినాను. అయినా ఆ మిద్దెలన్నీ నా నెత్తి మీదుగా పైకెక్కినవే. ప్లాన్ల మీద సంతకాలు పెట్టినోళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేవు. ఈ బయ్యమ్మ ఎవరంటే ఇప్పటికీ చెప్తారు.

ఇంకో చోద్యం. లెక్క ముందే చెప్పేసినా, మిద్దె పోసే రోజు పొద్దున్నే సెంట్రింగు చెక్కల పైకెక్కి, కట్టిన ఇనప కడ్డీల మీద ఈ చివర నుంచి ఆ చివరకు పొర్లుతాడు. లేచేసరికి వీపంతా గళ్ల లుంగీ.

"మేస్త్రీ, అంగప్రదక్షిణం అయ్యిందా?" అనేదాన్ని.

"అయ్యిందమ్మా. ప్రసాదం నీకే, బాండ్లి ఎత్తు."

"యాల పొర్లుతావు సామీ?"

"లెక్క సరిచూస్తాండా."

అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ లెక్క మారింది లేదు. అయినా పొర్లడం మానలేదు.

డెబ్బై తొమ్మిదిలో కుప్పంలో లక్ష్మీపతి అయ్యవారి ఇల్లు పట్టినాము. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. ఘని పడుకుని కొలవడం చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఘని "ముప్పై ఆరు మూటలు" అన్నాడు. అయ్యవారు కాగితం తీసి పొడుగు, అడ్డం, మందం అన్నీ గుణించి "ఇన్ని ఘనపు అడుగులు. ఇరవై నాలుగు మూటలు చాలు. మిగతా పన్నెండు ఎవరింటికయ్యా?" అన్నాడు.

ఘనపు అడుగులంటే ఘని అడుగులే అనుకుని "ఆయన అడుగులు ఆయనకే తెలీవా అయ్యవారూ?" అన్నాను. ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ మంటగా ఉంది. నా మాటలో తప్పేమీ నాకిప్పటికీ కనపడలేదు.

"అయ్యవారూ, బియ్యం ఉడికితే ఉబ్బుతాది. ఈ సిమెంటు, ఇసక, కంకర తడిస్తే కుంగుతాది. మీరు అన్నం కొలిచి బియ్యం పొయ్యమంటాండారు" అన్నాడు ఘని.

ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్ మీద వచ్చేది. చాలకపోతే మూడు నెలలు ఆగాల, సగం మిద్దె వానకు నానాల. ఘని తాపీ పైకెత్తి "ముప్పై ఆరు తెప్పించండి. ఒక్క మూట మిగిలినా, ఒక్క మూట తగ్గినా ఈ తాపీ మీ బావిలో వేసి మేస్త్రీ పని మానేస్తా" అన్నాడు. ఆయన తాపీ బావిలో పడితే మా ఎనిమిది పొయ్యిలూ దాని వెనకాలే.

పోసే రోజు వచ్చింది. నీళ్లు నింపినాము, చుట్టకుదుర్లు నెత్తికెక్కినాయి. ఘని పొర్లుకుంటా పోయి పడమటి మూలలో ఆగినాడు. బోర్లా తిరిగి చెవి కడ్డీలకు ఆనించినాడు. లేచి "లెక్క తప్పింది. ఈ రోజు పొయ్యొద్దు" అన్నాడు.

అయ్యవారికి పండగే. వీధి వీధంతా వినేటట్టు "చెప్పినానా? పడుకుంటే లెక్క రాదు, నిద్ర వస్తుంది!" అన్నాడు. గోడ మీద కూర్చున్నోళ్లంతా నవ్వినారు. ఘని తల వంచుకున్నాడు. నాకు ఒళ్లు మండి ఇంటికి బయలుదేరినాను గానీ, చుట్టకుదురు మరిచిపోయి వెనక్కొచ్చినాను.

మిద్దె కింద ఘని మోకాళ్ల మీద ఉన్నాడు. పక్కన సెంట్రింగు కట్టే చెంగయ్య, ముసలాయన. పడమటి మూల సెంట్రింగును మోసే ఊతకట్టె కొత్తగా పూడ్చిన మట్టి మీద నిలబెట్టి ఉంది, రెండు వేళ్లంత దిగబడింది. దాని కింద ఇద్దరూ బండ దూరుస్తున్నారు.

"నాకు కనపడ్లేదు మేస్త్రీ" అన్నాడు చెంగయ్య.

"నాకూ కనపడ్లేదు. పడుకుంటే కిర్రుమని వినపడింది."

నేను నడుము మీద చెయ్యి పెట్టి "ఇన్నేళ్లూ పొర్లింది దీనికా?" అన్నాను.

ఘని ఉలిక్కిపడి "మెల్లగా అమ్మా! బాండ్లీలతో పైన నడిచేది మీరు. నన్ను మోసే సెంట్రింగు మిమ్మల్ని మొయ్యదా?" అన్నాడు.

"మరి మాకు యాల చెప్పలా?"

"చెప్తే భయపడతారు. భయపడితే బాండ్లి ఒలుకుతాది. ఒలికితే నా లెక్క తప్పుతాది."

"వీధిలో అంత మాట పడితివే. చెంగయ్య తప్పని చెప్పుంటే?"

"ఆయనకు చూపు తగ్గింది. పని కూడా తగ్గించాల్నా? నన్నంటే నవ్వి ఊరుకుంటారు. అలవాటే కదా."

మరుసటి రోజు పొద్దున పోసినాము. ముప్పై ఆరో మూట కలిపింది ఆఖరి మూలకు సరిపోయి అర బాండ్లి మిగిలింది. అయ్యవారు కాగితం తిప్పి తిప్పి చూసి "ఈ అరా ఎక్కడిదయ్యా?" అన్నాడు.

"పొద్దున రెండు దోసెలు తక్కువ తిన్యా" అన్నాడు ఘని పొట్ట నిమురుకుంటా.

ఆ పై ఏడాది మదనపల్లెలో పని. ఘనికి జ్వరం, రాలేదు. ఇంటాయన "పోయండమ్మా" అని తొందర పెట్టినాడు. ఏడుగురు ఆడోళ్లు నా మొకం చూసినారు. నేను కొంగు దోపుకుని పైకెక్కి, కడ్డీల మీద పడుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు పొర్లినాను. ఎక్కడా కిర్రుమనలేదు.

"ఏమమ్మా ఇది!" అన్నాడు ఇంటాయన నోరు తెరిచి.

"కాంక్రీటు లెక్క చూస్తాండా."

"ఎంత తేలింది?"

నాకు తెలిసిన లెక్క ఒకటే. తల ఎగరేసి చెప్పినాను: "ముప్పై ఆరు మూటలు."

"ఇది స్నానాల గది కదమ్మా!"